భయానక నవలలు, వాని పఠనానందము



లోకమున దుఃఖమును వెలయిచ్చి కొనువాడు లేడు. భయమును కొనువాడు అంతకంటెను లేడు. పామును, పిడుగును, కరవును, అప్పులవానిని తలచుకొని భయపడుటకే మనకొక జన్మము చాలదు. ఇట్లుండగా పాడుపడిన కోటలు, అర్ధరాత్రమున కదలాడు నీడలు, సమాధి వెడలి వచ్చు శవములు, ఇట్టివానితో నిండిన నవలలను డబ్బిచ్చి కొని, గుండె దడదడలాడుచుండగా చదివి, కడపట సంతోషముతో పుస్తకము మూయువారు వేలకొలది కలరు. సెలవులకు ఇంటికి వచ్చిన మనుమడు ఇట్టి పుస్తకమును తలగడ క్రింద దాచుకొనుట మీలో కొందరు చూచియే యుందురు. “ఇవేమి చదువులురా? రాత్రి కలవరించెదవు” అని మందలించియు నుందురు.

ఈ సంతోషము ఎట్టిది? దీనివలన మనస్సునకు బలము కలుగునా, లేక పిరికితనము పెరుగునా? ఇంటికి పెద్దలైన మీరు దీనిని వలదనవలెనా, కానిమ్మనవలెనా? ఈ విషయమును గూర్చి మీతో కొంతసేపు మాటలాడదలచితిని.

ముందుగా ఈ నవలల పుట్టుక చెప్పెదను. వీనికి ఇంగ్లీషువారు ‘గాథిక్’ నవలలని పేరుపెట్టిరి. గాథులనువారు పూర్వము రోమక సామ్రాజ్యముపై దండెత్తిన యొక జాతి. తరువాతి కాలపు పండితులు, మొనతేలిన కమానులు గల మధ్యయుగపు కోటలను, ఆలయములను మోటుకట్టడములని నిందించుచు, వానికి ఈ జాతి పేరు తగిలించిరి. అట్టి కట్టడములలో నడచు కథలు గనుక ఈ నవలలకును ఆ పేరే నిలిచినది.

వీనిలో మొదటిది 1764వ సంవత్సరమున లండనులో వెలువడిన ‘ఒట్రాంటో కోట’. రచయిత హొరేస్ వాల్పోల్. ఇతడు ఇంగ్లండునకు తొలి ప్రధానమంత్రిగా పేరొందిన రాబర్టు వాల్పోలునకు కుమారుడు. ఒకనాటి రాత్రి ఇతనికి కలలో ఒక పెద్దమేడ మెట్లప్రక్క చేతికమ్మిమీద, ఇనుపకవచము తొడిగిన బ్రహ్మాండమైన చేయి కనబడినదట. ఆ కలయే కథకు బీజము. కథలో మాన్‌ఫ్రెడ్ అను ప్రభువు తన ఏకైకపుత్రునకు పెండ్లి చేయబోవు దినమున, కొండంత శిరస్త్రాణ మొకటి పైనుండి పడి పెండ్లికొడుకును నలిపివేయును. ఆ కోట వారిది కాదు. మాన్‌ఫ్రెడ్ తాత అసలు ప్రభువునకు విషము పెట్టి దానిని కాజేసెను. తాత చేసిన పాపము మనుమని యిల్లు కూల్చుటయే కథాసారము. ఆకాశమునుండి శిరస్త్రాణము పడుట మనము నమ్మనక్కరలేదు. కాని పరుల సొమ్ము తిన్న యింటికి అది అరగదను మాటను ఏ పల్లెలోని పెద్ద కాదనును?

వాల్పోలు మొదట తన పేరు దాచి, ఇది పూర్వకాలపు ఇటలీ గ్రంథమునకు తెనుగింపువంటి భాషాంతరమని ప్రకటించెను. జనులు మెచ్చిన పిదప, 1765వ సంవత్సరమున రెండవ కూర్పులో, తానే కర్తనని చెప్పుకొనెను. భయపెట్టు కథ వ్రాయుట గౌరవస్థులకు తగునో తగదో యను జంకు ఆనాడును ఉండెనని దీనివలన తెలియుచున్నది.

ముప్పది యేండ్లకు యాన్ రాడ్‌క్లిఫ్ అను నామె ‘ఉడాల్ఫో రహస్యములు’ అను నవల వ్రాసెను. 1794లో అచ్చయిన ఆ పుస్తకమునకు ప్రకాశకులు ఆమెకు 500 పౌనులు చెల్లించిరి. ఆ రోజులలో నవలకు అది మిక్కిలి గొప్ప మొత్తము. తలిదండ్రులు లేని ఎమిలీ అను కన్యను, మేనత్తను పెండ్లాడిన మాంటోనీ అను దుర్మార్గుడు కొండలలోని తన కోటకు కొనిపోవును. అచట ఒక గదిలో నల్లని తెర యొకటి వ్రేలాడుచుండును. ఎమిలీ దానిని తొలగించి చూచి మూర్ఛపోవును. తెరవెనుక నున్న దేమో రచయిత్రి చెప్పదు. వందలకొలది పుటలు దాటి, కథ ముగియు వేళకు, అది మైనముతో చేసిన బొమ్మ యని తెలియును! రాడ్‌క్లిఫ్ నవలలలో భూతమని తోచినదానికి సాధారణముగా తుదకు సహజమైన కారణమే తేలును. కాని మాంటోనీ మాత్రము బొమ్మ కాడు. ఆడవారి ఆస్తి వ్రాయించుకొనుటకు వారిని నిర్బంధించు మగవాడు తెర తొలగించినను మాయమైపోడు.

ఈ రాడ్‌క్లిఫ్ భయమును రెండు విధములుగా విభజించినది. ఆమె మరణానంతరము 1826లో ప్రకటితమైన వ్యాసమున ఆ విభాగమును చూడవచ్చును. ఏదియో రానున్నదని తోచి, కంటికి పూర్తిగా కనబడక, మనస్సును మేల్కొలిపి విశాలము చేయునది మొదటిది. కన్నులయెదుట ఘోరమును పరచి మనస్సును ముడుచుకొనజేయునది రెండవది. మొదటిది సాహిత్యమునకు పనికివచ్చునని ఆమె మతము.

ఈ విచారము మనకు క్రొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పుచు భయానకమును, బీభత్సమును వేరుచేసి, మొదటిదానికి భయమును, రెండవదానికి జుగుప్సను స్థాయిభావములుగా చెప్పెను. వెయ్యేండ్ల క్రిందట కాశ్మీరమున నుండిన అభినవగుప్తుడు దానికి వ్యాఖ్య వ్రాయుచు, భయానకమునకు ఒక చక్కని ఉదాహరణ మిచ్చెను. శాకుంతల నాటకము మొదట దుష్యంతుని బాణమునకు బెదరి పరుగెత్తు లేడిని చూతుము. ఆ లేడి మనది కాదు. ఆ బాణము మనమీదికి రాదు. ఇది ఫలానా యడవిలో ఫలానా దినమున జరిగినదను లెక్కయు మనస్సున నుండదు. కావున మనము పారిపోము; శుద్ధమైన భయమును మాత్రము రుచిచూతుము. నిజమైన బాణమునకు భయపడినవాడు పరుగెత్తును. కావ్యములోని బాణమునకు భయపడినవాడు కూర్చుండి ఆలోచించును. భయానక నవలవలన కలుగు ఆనందమునకు మూల మిదియే.

ఆ ఆలోచన యెట్లుండునో తెలిపెడి నవల యొకటి కలదు. దాని పేరు ‘ఫ్రాంకెన్‌స్టైన్’. 1815వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, ఇప్పటి ఇండొనీషియాలోని తంబోరా యను అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. ఆ ధూళి ఆకాశమున వ్యాపించుటచే మరుసటి యేడు ఐరోపాలో వేసవియే లేకపోయెను. వానలు, చలి, పంటల నాశనము. ఆ 1816లో స్విట్జర్లాండులోని జెనీవా సరస్సు నొద్ద బైరను కవి యింట కొందరు స్నేహితులు వానవలన బయటికి పోలేక, జర్మను దయ్యపుకథల ఫ్రెంచి భాషాంతరమును చదువుకొనుచుండిరి. అంతట బైరను, మనము తలకొక దయ్యపుకథ వ్రాయుదమని పందెము వేసెను. ఆ కూటమిలో పదునెనిమిదేండ్ల మేరీ యుండెను. తరువాత షెల్లీ కవి భార్యయైన ఆమె వ్రాసిన కథయే ఇది. 1818లో పేరు లేకుండ 500 ప్రతులు వెలువడినవి.

విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అను విద్యార్థి శవముల యవయవములను చేర్చి ఒక ప్రాణిని సృజించును. అది కన్ను తెరచి చూడగానే, దాని వికారమునకు జడిసి, విడిచి పారిపోవును. ఆ ప్రాణికి పేరు సయితము పెట్టడు. అది అడవులలో తిరుగుచు, ఒక పేదకుటుంబపు గుడిసె ప్రక్కను దాగి, వారి మాటలు వినుచు భాష నేర్చుకొనును. రాత్రులయందు వారికి కట్టెలు కొట్టి తెచ్చి పెట్టును. తుదకు ధైర్యము చేసి యెదుటపడగా వారును కొట్టి తరిమివేయుదురు. అటుపిమ్మట అది హంతకి యగును. చదువరి మొదట ఆ ప్రాణికి జడియును. సగము చదువునప్పటికి దానిపై జాలిపడును. కడకు కన్నవాడై విడిచినవాని దోషమెంత, విడువబడి చెడినవాని దోషమెంత యని తర్కించుకొనును. వ్రాయుటకు ముందటి సంవత్సరమే మేరీ తన మొదటి పసికందును పోగొట్టుకొనినది. అట్టి తల్లి కలమునుండి ఈ ప్రశ్న పుట్టుట వింత కాదు.

ఇంతవరకు నవలలోని భయమును గూర్చి చెప్పితిని. ఇక నవల కాని భయమును గూర్చి వినుడు. ఈ ప్రసంగమునకు ముఖ్యమైన భాగ మిదియే.

ఐరోపాలోని పల్లెలలో, చచ్చినవారు రాత్రి సమాధినుండి లేచి బ్రదికియున్న బంధువుల రక్తము పీల్చుదురను నమ్మకము చిరకాలము ఉండెను. ఇంగ్లీషున వీరిని ‘వాంపైర్లు’ అందురు. ఊరిలో ఒకరి వెనుక ఒకరు చనిపోయినయెడల జనులు సమాధులు త్రవ్వి, శవములను నరికి కాల్చెడివారు. ఆస్ట్రియా రాణి మరియా తెరీసా 1755లో ఇట్టి యొక సంగతి విని, తన ఆస్థానవైద్యుడైన వాన్ స్వీటెనును విచారణకు నియోగించెను. చలివలనను, గాలి చొరకపోవుటవలనను శవము చెడకుండుట సహజమేయని అతడు తేల్చగా, రాణి ఈ దురాచారమును నిషేధించుచు శాసనము చేసెను.

అయినను నమ్మకము చావలేదు. 1892లో అమెరికాలోని రోడ్ ఐలండు రాష్ట్రమున ఎక్సెటర్ అను పల్లెలో మెర్సీ బ్రౌన్ అను పందొమ్మిదేండ్ల పడుచు క్షయవ్యాధిచే మరణించెను. తల్లియు, అక్కయు అంతకుముందే ఆ వ్యాధికే బలియైరి. అన్న ఎడ్విన్ మంచమున నుండెను. చచ్చినవారిలో నెవరో వాని ప్రాణము పీల్చుచున్నారని ఇరుగుపొరుగువారు పట్టుబట్టిరి. తండ్రికి ఆ నమ్మకము లేకున్నను వారి ఒత్తిడికి లోబడెను. మార్చి నెలలో మూడు శవములను పరీక్షించిరి. శీతకాలమున చనిపోయిన మెర్సీ శరీరము మాత్రము చెడలేదు. రెండు నెలలలో శవము అట్లుండుట వింత కాదని అచటనున్న వైద్యుడు చెప్పినను వినక, ఆమె గుండెను బండమీద కాల్చి, ఆ బూడిదను నీట కలిపి ఎడ్విన్‌చేత త్రాగించిరి. రెండు నెలలు తిరుగకముందే ఎడ్విన్ చనిపోయెను.

దీనికి పదియేండ్ల ముందే, 1882లో, జర్మనీలో కాక్ అను శాస్త్రజ్ఞుడు క్షయను కలిగించు సూక్ష్మజీవిని కనిపెట్టి లోకమునకు వెల్లడించియుండెను. ఆ వార్త మెర్సీ యింటివారికి అక్కరకు రాలేదు. ఆ పల్లెవారు క్రూరులని నేను తలపను. ఒక యింట ముగ్గురు పోయి నాల్గవవాడు పోవుచుండగా, ఏదో యొకటి చేయవలెనని తహతహలాడిన మనుష్యులు వారు. కాని వారు భయమును కథగా వినలేదు, నిజముగా నమ్మిరి. వారి చేతులు పలుగు పట్టినవి.

ఐదేండ్లకు, 1897లో, లండనులో ‘డ్రాక్యులా’ నవల వెలువడెను. రచయిత బ్రామ్ స్టోకర్, ఐర్లండు దేశీయుడు. లండనులోని యొక నాటకశాలకు కార్యనిర్వాహకుడు. ఇతడు నవలకై వ్రాసికొనిన కాగితములలో, రోడ్ ఐలండు ప్రాంతపు ఈ యాచారమును గూర్చి 1896లో ఒక వార్తాపత్రిక ప్రకటించిన తునుక దొరకినది. పల్లెలో గుండె కాల్చిన భయమే ఇచట పుస్తకముగా మారినది. ఆ పుస్తకము చదివి లక్షలమంది వణకిరి. తరువాత దీప మార్పి నిద్రించిరి. ఆ నవల కట్టిన తీరు మీవంటి చదువరులు గమనింపదగినది. అది ఆద్యంతము దినచర్యలతోను, జాబులతోను, తంతివార్తలతోను నిండియుండును. రక్కసుని జయించుటకు ముందు మీనా యను స్త్రీ ఆ కాగితములన్నిటిని తారీఖుల వరుసను కూర్చి, టైపుచేసి, అందరిచేత చదివించును. ఎవరికి వారు చీకటిలో దాచుకొనిన భయములు ఒక్కచోట వెలుగులో చేరినప్పుడే శత్రువు జాడ తెలిసినది.

మన తాతలకు ఈ మర్మము తెలియును. విక్రమార్కుడు శ్మశానమున చెట్టుమీది శవమును భుజాన వేసికొని నడచుట, అందలి భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయుట, మీరు బాల్యమున వినినవారే. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున వానిని చేర్చెను. 1870లో బర్టన్ అను ఇంగ్లీషు రచయిత వానిని తన భాషలో తిరిగి చెప్పుచు, భేతాళునికి ఆ వాంపైరు పేరే పెట్టెను. 1947లో పుట్టిన ‘చందమామ’ పత్రిక అనేక దశాబ్దములు మన పిల్లలకు భేతాళకథలు అందించెను. వానిని చదివిన బాలుడు శ్మశానమునకు పరుగెత్తలేదు. ఎవరిది న్యాయము, ఎవరిది త్యాగము అని తర్కించెను. శవము భుజము మీద నుండగా సయితము బుద్ధి చెదరక సమాధానము చెప్పగలవాడే రాజు. భయానక నవల చదువువానికి కావలసిన గుణమును అదియే.

మన ఊళ్ల సంగతి చూడుడు. చేతబడి చేసినదని, బాణామతి చేసినదని నెపము పెట్టి, దిక్కులేని ముసలివారిని, ఒంటరి స్త్రీలను కొట్టిన వార్తలు, చంపిన వార్తలు మన తెలుగు జిల్లాలలో ఈ శతాబ్దమునను వినబడినవి. అట్టి పని చేయునది నమ్మబడిన పుకారు. పుకారునకు కర్త లేడు, కడపటి పుట లేదు, మూసిపెట్టుటకు అట్టలు లేవు. నవలకు ఇవన్నియు కలవు. అయితే కొన్ని నవలలు పుకారునకు చేయూత నియ్యవని చెప్పలేము. యండమూరి వీరేంద్రనాథ్ చేతబడిని వస్తువుగా గొని వ్రాసిన ‘తులసిదళం’ తెలుగునాట ఎందరినో ఆకర్షించినది. మూఢవిశ్వాసమును పెంచుచున్నదను తీవ్రవిమర్శకును గురియైనది. ఆ వాదము జరుగుట మంచిదే. వాదింపదగినది గనుకనే అది పుస్తకము. మనుష్యులను బలిగొను పుకారుతో వాదించుటకు ఎవడును మిగులడు.

కావున మీ యింట పిల్లవాడు ఇట్టి నవల చదువుచున్నచో లాగికొనవలదు. లాగికొనిన పుస్తకము మరింత రుచించును. ప్రక్కను కూర్చుండి కథ చెప్పుమని యడుగుడు. చెప్పునప్పుడు మూడు సంగతులు కనిపెట్టుడు. కథలోని భయమునకు మూలమైన అన్యాయము వానికి బోధపడినదా? భయపెట్టినవానియందును, భయపడినవానియందును మనుష్యుడు వానికి కనబడెనా? పుస్తకము మూసిన పిదప అది కథ యని వాడు తెలిసికొనెనా? ఈ మూడింటికిని అవునను జవాబు వచ్చినచో ఆ చదువు మేలైనది. రక్తమాంసముల వర్ణనయే తప్ప వేరేమియు చెప్పలేకపోయినచో అది భరతుడు చెప్పిన జుగుప్సయే. అంతకంటె మంచి పుస్తకము వెదకి యిండు. పసిపిల్లలకు, జ్వరపడినవారికి, ఇంట చావు జరిగి దుఃఖించువారికి ఇవి తగవు. నిజముగా బాణము తగిలినవాని యెదుట లేడికథ చెప్పరాదు.

మీరును ఒకటి చదివి చూడుడు. ఈ భయమునకు వాకిట నున్న తలుపు గడియవలె లోపలినుండి తీయుటకును, వేయుటకును వీలున్నది. ఆ గడియ తన చేతనే కలదని యెరిగినవాడు, రేపు ఊరిలో ఎవరిమీదనైనను చేతబడి మాట పుట్టినపుడు, గుంపుతో పరుగెత్తక అరుగుమీద నిలిచి, “ఇది యెవరు చూచిరి? ఎవరు చెప్పిరి? రోగికి వైద్యుడేమనెను?” అని యడుగగలడు. పెద్ద యొక్కడు అట్లు నిలిచి యడిగినచో ఒక ప్రాణము దక్కవచ్చును.